లోకవ్యవహారము: తిరువూరు పొలిమేర – దేశముల సభ



వార్తాపత్రిక చేతబట్టిన దినమున “ఐక్యరాజ్యసమితి ఖండించెను”, “భద్రతామండలి సమావేశమయ్యెను” అను వాక్యములు కనబడక మానవు. మరునాడు చూచినను యుద్ధము జరుగుచునే యుండును. “ఇంతమాత్రమునకు ఈ సభ యెందుకు?” అని కొందఱు విసుగుకొందురు. “లోకమున కంతకును అదియే ప్రభుత్వము, తలచుకొన్నచో అన్నియు చక్కబెట్టగలదు” అని మఱికొందఱు తలంతురు. ఈ రెండు తలంపులును సరియైనవి కావు. ఆ సభవలన మన మేమి యాశింపవచ్చునో, ఏమి యాశింపరాదో ఈ నెల మన తిరువూరు పొలిమేరయందు నిలిచియే ఆలోచింతము.

ముందుగా దాని స్వరూపము తెలిసికొనవలెను. మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిదప 1920లో నానాజాతిసమితి యేర్పడెను. అది రెండవ యుద్ధమును ఆపజాలక, 1946లో అంతరించెను. దాని స్థానమును వహించిన ఐక్యరాజ్యసమితికి 1945 జూన్ 26వ తేదీన సాన్‌ఫ్రాన్సిస్కో నగరమున ఒడంబడిక వ్రాయబడెను; అక్టోబరు 24వ తేదీన అది అమలులోనికి వచ్చెను. నాడు సభ్యరాజ్యములు 51, నేడు 193. మనకు స్వాతంత్ర్యము రాకమునుపే భారతదేశము ఆ తొలి సభ్యులలో నొకటిగా నుండెను. మన పక్షమున వ్రాలు చేసినవారిలో ఆర్కాటు రామస్వామి మొదలియారుగా రొకరు. ఆయన పేరు ముందు మరల రాగలదు.

అందలి సర్వప్రతినిధి సభలో చిన్న రాజ్యమైనను పెద్ద రాజ్యమైనను ఒక్కటే ఓటు. అయితే ఆ సభ తీర్మానములు చాలవరకు సలహాలు మాత్రమే. యుద్ధశాంతుల విషయమున సభ్యు లందఱును పాటింపవలసిన ఆజ్ఞ యీయగలది భద్రతామండలి. అందు అమెరికా, రష్యా, బ్రిటను, ఫ్రాన్సు, చైనా అను ఐదింటికి శాశ్వత స్థానములు గలవు. వానిలో ఏ యొక్కటి కాదన్నను ముఖ్యమైన తీర్మానము వీగిపోవును. పోనీ, తీర్మానమే నెగ్గినదనుకొందము. ఆ మండలికి స్వంత సైన్యము లేదు. మన యింటిపై పన్ను వేయు నధికారము లేదు. ధనమును సభ్యులే యీయవలెను. భటులను సభ్యులే పంపవలెను. నోరు సభది, చేతులు రాజ్యములవి. ఆ చేతులు కలిసిననాడు పని జరుగును; కలియనినాడు మాట మాత్రము మిగులును.

ఇక మన పొలిమేర సంగతి. 1948లో తిరువూరు ఉమ్మడి మద్రాసు రాష్ట్రమునందలి కృష్ణాజిల్లాలోనిది. ఉత్తరముగా పెనుబల్లి, కల్లూరు వైపు కొలది మైళ్ళు నడచినచో నైజాము రాజ్యము. ఇటును అటును మాటలాడునది తెనుగే. సంతలు, చుట్టరికములు, పెండ్లి సంబంధములు ఉభయదిశలను గలవు. రాజ్యములు మాత్రము వేఱు. ఆంగ్లేయులు వెడలిపోయిన పిదప నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్‌గారు భారతదేశమున చేరక వేఱుగా నుండ నిశ్చయించిరి. 1947 నవంబరు 29వ తేదీన ఒక యేటికి యథాతథపు ఒడంబడిక జరిగినను శాంతి కలుగలేదు. కాశీం రజ్వీ నాయకత్వమున రజాకారులు గ్రామములపై బడి దోపిడులు, గృహదహనములు, హత్యలు సాగించిరి. దేశముఖుల దౌష్ట్యముపై రైతులు కమ్యూనిస్టుల నాయకత్వమున ఆయుధములు పట్టిరి. ప్రాణములు దక్కిన చాలునని బిడ్డలను చంకనెత్తుకొని సరిహద్దు దాటి కృష్ణాజిల్లా గ్రామములకును బెజవాడకును చేరిన కుటుంబములు పెక్కులు. పుట్టింటికి పండుగకు రావలసిన ఆడుబిడ్డలు పరుగున వచ్చి చేరిన కాలమది.

ఆ సమయముననే, 1948 ఆగస్టు 21వ తేదీన, నిజాము ప్రభుత్వము భద్రతామండలికి తంతి నంపి, భారతదేశము తమ్ము బెదరించుచున్నదని ఫిర్యాదు చేసెను. సెప్టెంబరు 13వ తేదీన భారతసైన్యము నైజాము రాజ్యమున ప్రవేశించెను. 16వ తేదీన మండలి పారిస్ నగరమున సమావేశమయ్యెను. అప్పటి సభ్యులు పదునొకండుగురు. ఈ విషయమును చర్చకు స్వీకరింపవలెనా యని ఓటు తీయగా, ఎనమండుగురు వలెననిరి. రష్యా, ఉక్రెయిన్, చైనా ఓటు చేయలేదు. వలదన్నవా రెవరును లేరు. నిజాము పక్షమున మొయిన్ నవాజ్ జంగ్‌గారును, భారత పక్షమున ఇంతకుముందు చెప్పిన రామస్వామి మొదలియారుగారును వాదించిరి. హైదరాబాదు స్వతంత్ర రాజ్యము కాదు గావున ఈ సభ కెక్కు అర్హత దానికి లేదని మనవారి వాదము.

ఆ ప్రశ్న తేలకముందే యుద్ధము తేలిపోయెను. 17వ తేదీన నిజాము కాల్పుల విరమణ ప్రకటించెను. మరునాడు ఆయన సేనాని ఎల్ ఎద్రూస్ లొంగిపోయెను. 22వ తేదీన నిజాము తన ఫిర్యాదును ఉపసంహరించుకొనుచున్నట్లు సమితికి తెలిపెను. 1949 మే నెలలో పాకిస్తాను ప్రతినిధి కోరికపై మండలి యీ సంగతిని మరల చర్చించినను తీర్మాన మేదియు చేయలేదు. “హైదరాబాదు ప్రశ్న” యను పేరు మాత్రము మండలి విషయముల పట్టికలో దశాబ్దములపాటు నిలిచియుండెను.

ఇందొక సంగతి గమనింపుడు. ఫిర్యాదు చేసినది ఒక ప్రభుత్వము. సమాధానము చెప్పినది మఱియొక ప్రభుత్వము. రజాకారులకు వెఱచి ఇల్లు విడిచిన యిల్లాలిని ఎవ్వరును పిలిచి అడుగలేదు. సైనికచర్య తరువాత నైజాము జిల్లాలలో ముస్లిం కుటుంబములపై ఘోరములు జరిగెను. పండిత సుందర్‌లాల్‌గారును కాజీ అబ్దుల్ గఫార్‌గారును మఱికొందఱును తిరిగి చూచి, తక్కువ లెక్కకు 27 వేలమంది మొదలు 40 వేలమంది వరకు మరణించిరని భారత ప్రభుత్వమునకు నివేదించిరి. ఆ నివేదిక చిరకాలము వెలుగు చూడలేదు. భర్తను గోలుపోయిన ఆ స్త్రీ గోడును పారిస్ సభకు చేరలేదు. ఆ సభలో పీటలు రాజ్యములకే గాని, గ్రామములకు లేవు. ఇదియే దాని పెద్ద లోపము.

అయినచో ఆ సభ వ్యర్థమేనా? ఇదే తిరువూరునుండి రెండవ యుదాహరణము చూతము. మన ముత్తవ్వల కాలమున ఇంట స్ఫోటకము వచ్చినచో “అమ్మవారు పోసినది” అని వేపమండలు గుమ్మమునకు గట్టి, చల్ల, అంబలి నివేదనముచేసి, బిడ్డ బ్రదుకునో లేదో యని కూర్చుండుటయే గదా! 1948లోనే పుట్టిన ప్రపంచ ఆరోగ్యసంస్థ, ఐక్యరాజ్యసమితికి అనుబంధమైనది. స్ఫోటకమును లోకమునుండియే తుడిచివేయవలెనని 1958లో ప్రతిపాదించినవారు రష్యావారు. 1967నుండి ఆ ప్రయత్నమును ముమ్మరముగా నడిపిన అధికారి హెండర్సన్‌గారు అమెరికావారు. ఆ రెండు రాజ్యములు నాడు బద్ధవైరులు. అయినను టీకామందు ఒకరిచ్చిరి, నిర్వహణ మొకరు వహించిరి. 1974లో మన దేశమున 1 లక్ష 88 వేలమందికి ఆ వ్యాధి సోకి, 31 వేలమంది మరణించిరి. పనివారు ఇంటింటికి నడచి, రోగి యెచ్చట నున్నాడో వెదకి, అతని చుట్టుప్రక్కలవారికి టీకాలు వేసిరి. 1975 మే తరువాత మన దేశమున ఒక్క రోగియు లేడు. 1977 అక్టోబరులో సోమాలియా దేశమున కనబడినదే సహజముగా సోకిన కడపటి రోగము. 1980 మే 8వ తేదీన లోకము స్ఫోటకవిముక్తమైనదని చాటిరి. నేటి మన బిడ్డల చేతులపై ఆ టీకామచ్చ లేదు. ముఖమున ఆ గుంటలును లేవు.

యుద్ధము నాపలేనివారే రోగము నెట్లు తొలగించిరి? పగవారి బిడ్డకు సోకినది మన బిడ్డకును సోకును గనుక, ఇందు అందఱి లాభము ఒక్కటి. ఉత్తరములు కూడ అంతియే. 1874లో బెర్ను నగరమున తపాలా ఒడంబడిక జరిగినందుననే, ఒక దేశపు బిళ్ల యంటించిన జాబు మఱియొక దేశమున చెల్లుచున్నది. లాభ మొక్కటైనచోట ఈ సంస్థలకు బలము హెచ్చు. అధికారము కొఱకు పోరు గలచోట బలము తక్కువ.

ఇక మాటకు విలువ లేదా? అదియు తొందరపాటే. హైదరాబాదు సంగతి చర్చించిన ఆ 1948లోనే, ఆ పారిస్ నగరముననే, డిసెంబరు 10వ తేదీన మానవహక్కుల ప్రకటనము వెలువడెను. చిత్తుప్రతిలో మొదటి వాక్యము “పురుషు లందఱు” అను అర్థము వచ్చునట్లుండెను. భారతదేశపు ప్రతినిధియైన శ్రీమతి హంసా మెహతాగారు పట్టుబట్టి దానిని “మానవు లందఱు” అని మార్పించిరి. ఆ ప్రకటనము చట్టము గాదు. అయినను, అన్యాయము జరిగినపుడు లోకము ముందు ఎత్తి చూపుటకు అదియొక కొలతకఱ్ఱ. ఇల్లు విడిచి సరిహద్దు దాటిన స్త్రీ పేరు భద్రతామండలి కార్యక్రమములలో లేదు గాని, ఆ మాటలో ఆమెయు గలదు.

కావున సోదరీమణులారా, ఇకముందు పత్రికలో ఇట్టి సంస్థ పేరు కనబడినపుడు మూడు ప్రశ్నలు వేసికొనుడు. అచ్చట మాటలాడుటకు ఎవరికి పీట గలదు? ఎవరు లేరు? నిర్ణయము జరిగినచో దానిని నెరవేర్చు చేతు లెవరివి? ఈ మూడింటికి సమాధానము దొరికినచో, ఆ వార్తను నమ్మవలెనో, కొంత నమ్మవలెనో, వేచి చూడవలెనో మీకే తెలియును. ఆ చేతులలో మన దేశపు చేయియు నొకటి. దానిని నడుపు ప్రభుత్వము మన ఓటువలన వచ్చునదే గదా! కావున ఓటు వేయునపుడు బియ్యపు ధరతోపాటు, ఈ దేశముల సభలో మన పక్షమున ఎవరు ఏమి పలుకుచున్నారో అదియు అడుగుట మన ధర్మము.