పైకప్పు మీది తీర్పు

హిందూపురం దగ్గరి లేపాక్షి వీరభద్రాలయానికి వచ్చే పర్యాటకుల్లో చాలామంది వేలాడే స్తంభం కింద నుంచి గుడ్డ లాగి చూసి, నంది ముందు ఫొటో దిగి వెళ్లిపోతారు. మెడ నొప్పి పుట్టేదాకా మండపం పైకప్పును చూసే ఓపిక కొందరికే. 16వ శతాబ్దంలో విజయనగర చిత్రకారులు అక్కడ పొడవాటి పట్టీలుగా చిత్రించిన కథల్లో మనునీతి చోళుడిది ఒకటి.

కథ తిరువారూరుది. రాకుమారుడి రథం కింద పడి లేగదూడ చనిపోతుంది. తల్లి ఆవు వచ్చి రాజు కట్టించిన గంట మోగిస్తుంది. దూడకు పట్టిన గతే కొడుక్కూ పట్టాలని తీర్పు. 12వ శతాబ్దపు తమిళ 'పెరియ పురాణం' ప్రకారం, ఆ పని చేయలేక మంత్రి ప్రాణం తీసుకుంటే రాజే కొడుకు మీదుగా రథం తోలతాడు. అప్పుడు గానీ శివుడు ప్రత్యక్షం కాడు. దూడ, మంత్రి, రాకుమారుడు ముగ్గురూ లేచి కూర్చుంటారు.

ఎరుపు, పసుపు, నలుపు వంటి మట్టి రంగులు, పక్కకు తిరిగిన ముఖాలు. భావమంతా చేతుల్లోనూ, నిలబడిన తీరులోనూ పలకాల్సిందే. ఈ కథలో కరుణ తీర్పును అడ్డుకోదు, అది అమలయ్యాకే వస్తుంది. పైగా దోషి ఒక్కడికే దక్కదు. దూడ లేవకుండా రాకుమారుడు మాత్రమే లేచి ఉంటే దాన్ని దయ అనలేం, రాచబిడ్డకు చేసిన మినహాయింపు అనాలి. రాజ్యాంగం 72వ అధికరణం కింద రాష్ట్రపతి క్షమాభిక్ష మీద చర్చ లేచినప్పుడల్లా మాటలన్నీ దోషి చుట్టూనే తిరుగుతాయి. గంట మోగించినవారి సంగతి అడిగేవారు తక్కువ. అయితే చిత్రకారుడికి శివుడున్నాడు. దూడను బతికించే అధికారం ఏ కోర్టుకూ లేదు.

ఈ గుడి కట్టించిన విరూపణ్ణ కథ మాత్రం వేరు. అచ్యుతరాయల కాలంలో పెనుకొండ కోశాధికారి అయిన ఆయన ఖజానా సొమ్ము గుడికి ఖర్చు చేశాడన్న ఆరోపణపై రాజు కళ్లు తీయించమన్నాడని, విరూపణ్ణే వాటిని పెరికి గోడకేసి కొట్టాడని జనం చెప్పుకుంటారు. పైకప్పు మీద ఆయనా, సోదరుడు వీరణ్ణా పరివారంతో భక్తిగా నిలబడి కనిపిస్తారు. ఆయన కోసం గంట మోగించినవారు లేరు, శివుడూ దిగిరాలేదు. 2022లో ఈ ఆలయం యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది. పైకప్పు రంగులు చాలాచోట్ల వెలిసిపోయాయి. గైడ్లు చూపించే గోడ మీది రెండు ఎర్రటి మరకలు మాత్రం ఇప్పటికీ స్పష్టంగానే ఉన్నాయి.