చేపలకూ చీకటి కావాలి

మా హాల్లో షోకేసు పక్కన చేపల తొట్టి ఉంది. కొన్న కొత్తలో దాని నీలం లైటు పొద్దున్న నుంచి అర్ధరాత్రి దాకా వెలగాల్సిందే. వచ్చినవాళ్లు ‘అబ్బ, ఎంత బావుందండీ!’ అంటే మావారికి సంబరం. నెల తిరిగేసరికి అద్దాల నిండా పచ్చటి పాచి. బకెట్లతో నీళ్లు తోడి, ఆ పాచి గీకేది మాత్రం నేను. మరి లైటు ఎంతసేపు వెలగాలో చెప్పాల్సిందీ నేనే కదా!

షాపతను రంగురంగుల లైట్లు చూపించాడే గానీ అసలు సంగతి చెప్పలేదు. మన తొట్టిలో తిరిగే గోల్డ్‌ఫిష్‌కి కనురెప్పలుండవు. మనలా కళ్లు మూసుకుని పడుకోలేదు. చీకటి పడితేనే దానికి విశ్రాంతి. రోజుకు 8 గంటల వెలుగు చాలు. ప్లాస్టిక్ మొక్కలే ఉంటే అంత కూడా అక్కర్లేదు. నిజం మొక్కలు పెంచేవాళ్లు 6500 కెల్విన్ అని రాసి ఉన్న తెల్ల ఎల్‌ఈడీ తీసుకోండి. పాత బల్బుల్లా నీళ్లను వేడెక్కించదు. ఇక కిటికీ ఎండ నేరుగా పడేచోట తొట్టి పెడితే, ఎంత ఖరీదైన లైటు కొన్నా పాచి పడుతుంది.

వైరు సాకెట్ కన్నా కిందికి వేలాడి, మళ్లీ పైకెళ్లి ప్లగ్గులో కలవాలి. అప్పుడు వైరు వెంట జారిన నీటిచుక్క కింద పడుతుంది, ప్లగ్గులోకి పోదు. తొట్టిలో చెయ్యి పెట్టేముందు స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పీకెయ్యండి. పిల్లలకూ ఇదే అలవాటు చెయ్యండి.

ఇప్పుడు మా ఇంట్లో మధ్యాహ్నం 2కి వేసిన లైటు రాత్రి 10కి ఆరిపోతుంది. ఆ తర్వాత చుట్టాలొచ్చి అడిగితే, ‘చేపలు పడుకున్నాయి, పొద్దున చూద్దురుగాని’ అంటున్నాను.