మీనమేషాల లెక్క

రాశిచక్రంలో మొదటిది మేషం, చివరిది మీనం. ఏ నిశ్చయానికీ రాలేక తటపటాయించేవారిని చూసి ‘మీనమేషాలు లెక్కిస్తున్నాడు’ అనడం తెలుగువారికి అలవాటు. వివాహానికో గృహప్రవేశానికో ముహూర్తం చూసేటప్పుడు లెక్కలు అవసరమే కావచ్చు. కాని వంకాయ వండాలా, బెండకాయ వండాలా అన్నదానికి కూడా అంత విచారణ సాగితే మధ్యాహ్నమైనా పొయ్యి వెలగదు.

ఇంటిపట్టున ఉన్న రోజుల్లోనే ఈ సందిగ్ధం ఎక్కువగా వేధిస్తుంది. కళాశాలలో గంట మోగగానే ఏ పాఠం వినాలో కాలపట్టికే నిర్ణయిస్తుంది. పరీక్షల ముందు సెలవుల్లో ఆ గంట ఉండదు. ముందు భౌతికశాస్త్రమా, రసాయనశాస్త్రమా అని రెండు పుస్తకాలనూ తెరుస్తూ మూస్తూ కూర్చున్న విద్యార్థికి ఉదయమంతా గడిచిపోతుంది. రెండింటిలో దేనిని ముందు చదివినా నష్టం లేదు. ఏదీ చదవకపోవడమే నష్టం.

వంటింట్లో ఈ సందిగ్ధం మరో రూపం దాల్చుతుంది. ‘ఈ పూట ఏం కూర చేయమంటారు?’ అని తల్లి అడిగితే ఇంటిల్లిపాదీ ‘ఏదైనా సరే’ అంటారు. వినడానికది వినయంగానే ఉంటుంది. నిజానికది నిర్ణయించే భారాన్నంతా ఒక్కరి నెత్తిన పెట్టడమే. పైగా, వండిన కూరకు వంక పెట్టే హక్కును మాత్రం ఎవరూ వదులుకోరు!

ఇటువంటి చిక్కులకు పిల్లల ఆటల్లోనే చక్కని ఉపాయాలున్నాయి. దొంగ ఎవరో తేల్చడానికి పిల్లలు పంటలు వేసుకుంటారు. క్షణాల్లో తగవు తీరి ఆట మొదలవుతుంది. అదేవిధంగా ఇంట్లో ఒక్కొక్కరు తమకిష్టమైన కూరల పేర్లు చీటీలపై రాసి డబ్బాలో వేసి, రోజుకొకటి తీస్తే తల్లి భారం అందరికీ పంచినట్లవుతుంది. బొమ్మా బొరుసా వేయడంలో మరొక సొగసు ఉంది. నాణెం గాలిలో ఉండగానే ‘బొరుసు పడితే బాగుండును’ అని మనసు లోలోపల కోరుకుంటుంది. ఇక నాణెం వంక చూడనక్కరలేదు.

ఈ వినోదం వెనుక వివేకం లేకపోలేదు. మనిషికి ఉన్న సమయమూ, సమాచారమూ, ఆలోచనాశక్తీ పరిమితమైనవి. అందువల్ల అతడు అన్నింటినీ తూచి అత్యుత్తమమైనదానిని ఎన్నుకోలేడు, అవసరానికి సరిపడేది దొరకగానే తృప్తి పడతాడు అని అమెరికా శాస్త్రవేత్త హెర్బర్ట్ సైమన్ వివరించాడు. నిర్ణయాలు తీసుకునే తీరుపై చేసిన పరిశోధనకు ఆయన 1978లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నాడు.

అయితే ఏ కోర్సులో చేరాలి, ఎంత అప్పు చేయాలి, ఏ వైద్యం చేయించుకోవాలి అన్నవి నాణేనికి అప్పగించదగినవి కావు. వాటికి పెద్దల సలహా, నిదానమైన ఆలోచన కావాలి. కూరగాయల దగ్గరే మీనమేషాలు లెక్కించేవారికి ఆ ఆలోచనకు ఓపిక మిగలదు. చిన్న విషయాలను చీటీలకు వదిలినవారికే పెద్ద విషయాలకు తీరిక చిక్కుతుంది.