పెట్టెలో నవాబు

ఎన్నికలొస్తే చిత్తూరు నుంచి పలమనేరు మీదుగా కోలారు వెళ్లే దారంతా జెండాలే, మైకులే. మిస్టరీ నవల రాసేవారికి ఈ దారిలోనే ఓ పాత కథ సిద్ధంగా ఉంది.

1782 డిసెంబరు. చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట శిబిరంలో హైదర్ అలీ రాచపుండుతో కన్నుమూశాడు. కొడుకు టిప్పు ఎక్కడో మలబారు తీరంలో ఉన్నాడు. సంగతి పొక్కితే దండు చీలిపోతుంది. అందుకే పూర్ణయ్య, కృష్ణారావు శవాన్ని సుగంధ ద్రవ్యాలతో పెట్టెలో సర్ది, ఖజానా తరలిస్తున్నట్టు కాపలాతో కోలారుకు పంపేశారు. ఇక్కడ మాత్రం నవాబు బతికే ఉన్నట్టు నటన! నాయకుడి ఆరోగ్యం భేషుగ్గా ఉందంటూ ప్రకటనలివ్వడం ఇప్పటి పార్టీలు కనిపెట్టిన విద్యేం కాదు మరి.

అయినా కొందరు పసిగట్టారు. చిన్నకొడుకు కరీంను గద్దెనెక్కించబోయి దొరికిపోయారు. టిప్పు వచ్చేదాకా దండు చెదరలేదు. కోలారులో తండ్రి సమాధి దగ్గర ఉంచిన హైదర్‌ను ఆ తర్వాత శ్రీరంగపట్నం చేర్చారు.