కఫన్‌కు గంట, మందుకు ఏడాది

గత వర్షాకాలంలో మా వన్ టౌన్‌లో ఒక మనిషి మరణించాడు. పాత పోస్టాఫీసు ప్రాంతంలో మూతపడిన ఒక దుకాణం అరుగు మీద అతను రెండేళ్లకు పైగా కాలం గడిపాడు. పేరు ఎవరికీ తెలియదు. సలాం చెబితే జవాబిచ్చేవాడు. అంతకు మించి ఏమడిగినా, ఎదుట లేని ఎవరితోనో మాట్లాడుతూ ఉండిపోయేవాడు. గురువారాల్లో దర్గా కొండ దిగి వచ్చేవారు అన్నం పొట్లం అతని పక్కన పెట్టి వెళ్లేవారు. రంజాన్ మాసంలో ఇఫ్తార్ పళ్లెం అందేది. ఒక ఉదయం అతను లేవలేదు. లాంఛనాలన్నీ ముగిశాక భౌతికకాయాన్ని మేము అడిగి తీసుకున్నాం. గుస్ల్‌కు, కఫన్‌కు, ఖబరు తవ్వకానికి కావలసిన సొమ్ము గంట లోపే సమకూరింది. జనాజా నమాజుకు మూడు వరుసలు నిండాయి.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే, అదే మనిషిని చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయానికి తీసుకువెళ్దామని ఏడాది ముందే మా కమిటీలో ప్రతిపాదన వచ్చింది. వెంట ఎవరు వెళ్తారు, ఖర్చు ఎవరు భరిస్తారు, ఆసుపత్రి నుంచి పంపించాక ఎక్కడ ఉంచుతాం అన్న మూడు ప్రశ్నల దగ్గర ఆ చర్చ ఆగిపోయింది. కఫన్‌కు గంటలో దొరికిన డబ్బు, మందుకు ఏడాదిలో దొరకలేదు. ఈ వ్యాసం రాయడానికి కారణం ఇదే.

ఆ మూడు ప్రశ్నలలో ఒకదానికి చట్టం ఎప్పుడో జవాబిచ్చింది. మనమే చదవలేదు. 2018 మే 29 నుంచి అమలులోకి వచ్చిన 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ఇల్లూ వాకిలీ లేనివారికి, నిరుపేదలకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య కేంద్రాలలో చికిత్స పూర్తిగా ఉచితం. పేదరికాన్ని రుజువు చేసే కార్డు చేతిలో లేకపోయినా సరే. 18వ సెక్షన్ ఈ మాటను స్పష్టంగా చెబుతోంది. దిక్కులేక తిరుగుతూ, తనను తాను చూసుకోలేని స్థితిలో ఉన్న రోగిని రక్షణలోకి తీసుకుని 24 గంటలలోగా దగ్గరలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి చేర్చడం పోలీసు అధికారి విధి అని 100వ సెక్షన్ చెబుతోంది. అటువంటి వారిని లాకప్‌లో ఉంచరాదు. వారి కుటుంబం ఎక్కడుందో వెతకవలసిన బాధ్యత కూడా ఉంది. అంటే అరుగు మీది ఆ మనిషి మన దయ కోసం ఎదురుచూస్తున్న బిచ్చగాడు కాడు. హక్కు ఉండీ దానిని అడగలేని పౌరుడు.

చికిత్సాలయమూ దూరాన లేదు. చినవాల్తేరు ఆసుపత్రి మూలాలు 1871 నాటివి. ఉత్తరాంధ్ర జిల్లాలన్నింటికీ అదే ఆధారం. ఇక్కడ చట్టం ఉంది, ఆసుపత్రి ఉంది, రోగి ఉన్నాడు. లేనిది ఈ మూడింటినీ కలిపే చేయి. వారం వారం వెళ్లి పలకరించి నమ్మకం కలిగించే కార్యకర్త కావాలి. హౌరా నుంచీ రాయ్‌పూర్ నుంచీ వచ్చే రైళ్లు దిగి ఇక్కడ తప్పిపోయినవారి ఒడియా మాట, బెంగాలీ మాట అర్థం చేసుకోగలవారు కావాలి. డిశ్చార్జి అయ్యాక మాత్రలు వేళకు వేయించి, నెలనెలా మళ్లీ డాక్టరుకు చూపించేవారు కావాలి. తలదాచుకోవడానికి ఒక గది కావాలి. ఈ చేయికే డబ్బు కావాలి. గ్రాంటు అడగవలసింది దీని కోసమే.

మన సమాజంలో ఇంకొక అడ్డంకి ఉంది. దానిని దాచడం మంచిది కాదు. మతి చలించినవారిని చూడగానే మనలో చాలామందికి ముందు గుర్తుకు వచ్చేది సైతాను సోకడం, చేతబడి, తాయెత్తు. డాక్టరు ఆ తరువాతే. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడి దర్గా సమీపంలో ఒక ఆశ్రయ కేంద్రానికి నిప్పంటుకుంది. గొలుసులతో కట్టివేసి ఉన్న రోగులు తప్పించుకోలేకపోయారు. 28 మంది ప్రాణాలు పోయాయి. స్వస్థత కోసం కుటుంబాలు ఎంతో నమ్మకంతో వదిలి వెళ్లిన మనుషులు వారు. 2017 చట్టం 95వ సెక్షన్ రోగిని గొలుసులతో కట్టడాన్ని ఏ రూపంలోనైనా నిషేధించింది. అయితే దర్గాను వైద్యానికి శత్రువుగా చూడనక్కరలేదు. గుజరాత్‌లోని ఉనావా గ్రామంలో మీరా దాతార్ దర్గాకు వచ్చే రోగులకు, ముజావర్ల సహకారంతోనే, ఆ ప్రాంగణంలోనే వైద్యులు మందులిచ్చే ఏర్పాటు జరిగింది. దవా, దువా రెండూ అన్నది ఆ కార్యక్రమం పేరులోనే ఉంది. వైద్యం చేయించుకోమని దైవప్రవక్త (స) చేసిన బోధ మనకు తెలియనిది కాదు. కైరోలో 1284లో సుల్తాన్ ఖలావూన్ నిర్మించిన ఆసుపత్రిలో మానసిక రోగులకు కూడా చోటుండేది. దానిని నడిపింది వక్ఫ్ ఆదాయం. పేదల వైద్యానికి నిధి సమకూర్చడం మనకు పరాయి విద్య కాదు. మరచిపోయిన విద్య.

ఇక మా అనుభవం. ఆ జనాజా తరువాత మేము రెండు చోట్ల దరఖాస్తు చేశాం. రెండూ తిరిగి వచ్చాయి. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ఇతరుల దరఖాస్తులపై 'వివరాలు అసంపూర్ణం' అని రాసినవాళ్లం మేము. అదే మాట మా కాగితం మీద చూసి సిగ్గుపడ్డాం. కానీ ఆ మాట న్యాయమైనదే. మొదటి దరఖాస్తులో మా కమిటీకి సొంత రిజిస్ట్రేషన్ లేదు. మస్జిద్ ఖాతానే చూపించాం. రెండవదానిలో 'సేవా కార్యక్రమాలకు' అని ఒకే పద్దు కింద మొత్తం సొమ్మూ రాశాం. ఎంతమందికి, ఏ సేవ, ఎవరి చేత, ఎన్ని నెలలు అన్నది లేదు. ఆవేదన నిండుగా ఉంది, లెక్క లేదు. ఆవేదనకు ఏ కార్యాలయమూ నిధులు మంజూరు చేయదు.

కనుక ఇతర పట్టణాల కమిటీల కోసం మేము నేర్చుకున్నది చెబుతాం. మొదట మస్జిద్ లెక్కలతో కలపకుండా ఒక సొసైటీనో ట్రస్టునో రిజిస్టరు చేయించాలి. ప్రత్యేక బ్యాంకు ఖాతా, పాన్, ఏటా ఆడిట్, ఆదాయపు పన్ను శాఖలోనూ, దర్పణ్ పోర్టల్‌లోనూ నమోదు ఉండాలి. పెద్ద కంపెనీలు 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం గత మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద వెచ్చించాలి. ఆరోగ్య సంరక్షణ, ఆకలి నిర్మూలన ఆ జాబితాలో ఉన్నవే. పోర్టు, రిఫైనరీ ఉన్న విశాఖలో ఈ ద్వారం తట్టకపోవడం మన లోపమే. కానీ ఆ నిధి అందుకోవాలంటే సీఎస్ఆర్-1 నమోదుతో పాటు, అదే తరహా పనిలో మూడేళ్ల అనుభవం చూపాలి. చికిత్స పొందిన మానసిక రోగుల పునరావాస గృహాలకు కేంద్ర ప్రభుత్వపు దీనదయాళ్ వికలాంగుల పునరావాస పథకం కింద గ్రాంటు ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం మానసిక అనారోగ్యాన్ని వైకల్యాల జాబితాలో చేర్చింది. నిరాశ్రయుల వసతి గృహాలను నగరపాలక సంస్థలు స్వచ్ఛంద సంస్థల ద్వారా నడిపించే పద్ధతి కూడా ఉంది.

గల్ఫ్‌లో ఉన్న మన పిల్లలు పంపే సొమ్ము విషయంలో జాగ్రత్త అవసరం. భారత పౌరుడు తన సొంత పొదుపు నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. విదేశీ పౌరుడి నుంచో సంస్థ నుంచో, అనుమతి లేకుండా, ఒక్క రూపాయి తీసుకున్నా చట్టవిరుద్ధమే. ఇటువంటి ఒక్క పొరపాటు పదేళ్ల సేవను మింగేస్తుంది.

అన్నింటికన్నా ముందు కావలసింది ఒక రిజిస్టరు. నేడు ఎవరిని కలిశాం, ఏమిచ్చాం, ఆసుపత్రికి ఎవరిని తీసుకువెళ్లాం, ఇప్పుడు ఎక్కడున్నారు అన్నది తేదీలతో రాయాలి. రోగి వివరాలు గోప్యంగా ఉంచాలి. దీన స్థితిలో ఉన్నవారి ఫోటోలు తీసి వాట్సాప్‌లో పంచడం మానాలి. మూడేళ్ల అనుభవం ఆ రిజిస్టరులోనే పుడుతుంది.

మాకు ఎదురైన అభ్యంతరాలు మూడు. 'మనకు జకాత్ ఉంది, ఎవరి దగ్గరో చేయి చాచడం ఎందుకు?' అన్నది మొదటిది. జకాత్ హక్కుదారుల ఎనిమిది వర్గాలలో నిరుపేదలు ఉన్నారు, బాటసారులు ఉన్నారు. నిజమే. కానీ రంజాన్‌లో వచ్చి రంజాన్‌లోనే పంచబడే సొమ్ముతో పన్నెండు నెలల మందులు నడవవు. ఉద్యోగుల జీతాలకు, భవనాలకు జకాత్ వాడవచ్చునా అన్నది ఉలేమాలు తేల్చవలసిన విషయం. ఇక ప్రజల పన్నుతో నడిచే పథకం నుంచి నిధి అడగడం చేయి చాచడం కాదు. ఆ పన్నులో మన వాటా కూడా ఉంది.

'మన మీద అనుమానం పెట్టుకున్న కార్యాలయాల చుట్టూ తిరగాలా?' అన్నది రెండవది. ఒక చోట మమ్మల్ని, 'మీరు మీ వాళ్లకే చేస్తారు కదా?' అని అడిగారు. మనసు నొచ్చుకున్న మాట వాస్తవం. అయినా ఆ ప్రశ్నకు కోపం జవాబు కాదు, రిజిస్టరే జవాబు. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగాలి. సరిదిద్ది మళ్లీ పెట్టాలి. అడగని హక్కు లేని హక్కుతో సమానమని కార్యాలయాలలో జీవితం గడిపిన మాకు బాగా తెలుసు.

'మనవాళ్లకే చాలనప్పుడు ఇతరులకు ఎందుకు?' అన్నది మూడవది. మా ఊరి పోర్టు ముఖద్వారం దగ్గర మూడు కొండలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదానిపై ఇస్‌హాక్ మదనీ దర్గా, ఒకదానిపై వెంకటేశ్వరస్వామి ఆలయం, ఒకదానిపై రాస్ హిల్ చర్చి. కింద అరుగుల మీద పడుకునేవారు ఏ కొండకు చెందినవారో చూసి వర్షం కురవదు. సదఖాకు మతం హద్దు లేదు. పైగా ప్రజాధనంతో నడిచే సేవలో వివక్ష చూపడం అన్యాయం కూడా. మనపై వివక్ష వద్దని అడిగే మనం దానిని మన గుమ్మంలో ఎలా ఉంచగలం?

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. గ్రాంటు ఆలస్యంగా వస్తుంది, విడతలుగా వస్తుంది, ఒక్కోసారి మధ్యలో ఆగిపోతుంది. కోలుకుంటున్న మనిషికి హఠాత్తుగా మందు ఆగితే జబ్బు తిరగబెడుతుంది. పైగా తనను నమ్మమన్నవారి మీదే నమ్మకం పోతుంది. అందుకే మేము ఒక నియమం పెట్టుకున్నాం. ఆరు నెలల మందులకు, ఒక కార్యకర్త జీతానికి సరిపడే సొమ్ము మా సదఖా నిధిలో ఉన్నంతమందినే చేర్చుకుంటాం. గ్రాంటు వస్తే సంఖ్య పెంచుతాం. రాకపోతే ఉన్నవారిని వదలం. చెన్నైలో ది బన్యన్ సంస్థ 1993లో వీధిలో కనిపించిన నిరాశ్రయ మహిళా రోగుల కోసం ఇద్దరు యువతుల చొరవతో మొదలైంది. చిన్నగా మొదలవడం తప్పు కాదు. మొదలుపెట్టి విడవడమే తప్పు.

మా మూడవ దరఖాస్తు సిద్ధమవుతోంది. ఫలితం అల్లాహ్ చేతిలో ఉంది. కాగితం మాత్రం ఈసారి సక్రమంగా ఉంటుంది. చదువరులను మేము కోరేది ఒక్కటే. వచ్చే జుమా తరువాత మీ మస్జిద్ గుమ్మం ముందు, మీ దర్గా మెట్ల మీద ఎవరున్నారో ఒకసారి ఆగి చూడండి. 14416 నంబరుకు ఫోను చేస్తే టెలి మానస్ సలహాదారులు తెలుగులోనే మాట్లాడతారు. మీ కమిటీలో చదువుకున్న ఒక యువకుడికో యువతికో ఒక రిజిస్టరు కొని ఇవ్వండి. మొదటి పేజీలో మొదటి పేరు, అది తెలియకపోతే కనీసం ఆ మనిషి కూర్చునే చోటు, ఆ రోజే రాయించండి. కఫన్ కోసం దాచిన సొమ్ములో కొంత అతను బతికి ఉండగానే ఖర్చు పెడదాం.