ఏటీ అవదమ్మా!

తలకేసే నల్లరంగు డబ్బా ఒకటి చేతిలోకి తీసుకోండి. అట్ట మీద చీమలబారులాంటి అక్షరాలుంటాయి. కళ్లజోడు పెట్టుకునైనా చదవండి. కనురెప్పల వెంట్రుకలకు, కనుబొమలకు వాడరాదు, వాడితే చూపు పోవచ్చు. ఇవి నా శాపనార్థాలు కావు. పారాఫినైలిన్‌డయామిన్ కలిసిన ప్రతి రంగు మీదా ఇంగ్లిషులోనూ స్థానిక భాషలోనూ ఈ మాట ఉండి తీరాలని మన దేశపు నిబంధన.

అరకులో పెళ్లిళ్ల రోజుల్లో ఆ అట్ట ఎక్కడుంటుంది? చెత్తబుట్టలో. రంగో? పిల్ల రెప్పల మీద.

"మంటెడతంది అక్కా" అంటుంది పిల్ల. "ఏటీ అవదమ్మా, కళ్లు మూస్కో," అంటుంది బ్యూటీషియన్ అక్క.

ఎవరు చెప్పారమ్మా నీకు, ఏటీ అవదని? 1933లో అమెరికాలో 'లాష్ లూర్' అనే రెప్పల రంగు అమ్మినవాళ్లదీ ఇదే ధీమా. అందులో ఉన్నదీ ఈ రసాయనమే. ఒకామెకు చూపు పోయింది, మరొకామెకు ప్రాణమే పోయింది. 1938లో అక్కడ కొత్త చట్టం వచ్చాక మొట్టమొదట జప్తయిన సరుకు అదే.

ఇక మైదానం నుంచి వచ్చే మేధావులు: "కొండపిల్లకు రెప్పల రంగులెందుకండీ?" ఆమెతో థింసా ఆడించి సెల్ఫీలు దిగేటప్పుడు మీకు అందం కావాలి, ఆమె తన కోసం ముస్తాబైతే మాత్రం సంస్కృతి గుర్తొస్తుంది! సిగ్గుండాలి. బ్యూటీషియన్ శిక్షణ ఇచ్చి ఫొటోలు దిగే దొరలారా, ఆ అట్టను ఒక్కసారైనా చదివించారా?

రంగు వేసే అక్కా, ఈ జాగ్రత్తేం బ్రహ్మవిద్య కాదు. తలరంగును కంటి దరిదాపుల్లోకి రానివ్వకు. రెప్పల కోసమే తయారైన రంగైనా సరే, ముందురోజే చెవి వెనక చుక్క పెట్టి కనీసం 24 గంటలు ఆగు. నల్లగోరింటాకు కోను పెడితే ఎప్పుడైనా చేయి పొక్కిందా అని అడుగు. పొక్కిందంటే ఆ పిల్లకు రంగు మాటే ఎత్తకు. కళ్లకలక ఉందా? ఈమధ్య కంటి ఆపరేషన్ అయిందా? అయితే రంగు వద్దు. కాంటాక్ట్ లెన్సులు తీసిందా? కంటి కింద వాజలైన్ రాసి దూది అడ్డుపెట్టు. ఒకరి బ్రష్ ఇంకొకరికి ముట్టించకు. మంట అన్న మరుక్షణం తుడిచి, శుభ్రమైన నీళ్లతో కడుగుతూనే ఉండు.

"సాయంత్రమే ముహూర్తం, టెస్టుకు టైమెక్కడిది?" అంటావా? అయితే వెయ్యకు. కాటుక దిద్ది పంపు.

రాత్రికి కన్ను వాచి మూసుకుపోతే విశాఖ పెద్ద కంటాసుపత్రికి నూరు కిలోమీటర్ల పైమాటే, అదీ అనంతగిరి ఘాట్ మలుపుల్లో. ఎవరు దించుతారు? నువ్వా?

అట్ట ఇంకా నీ చెత్తబుట్టలోనే ఉంది. తియ్యి. కుర్చీలో కూర్చున్న పిల్లకు వినపడేలా చదువు.