వెనక వరస ప్లగ్గులు

అమెరికాలో మేము వాడుతున్న టయోటా సియన్నా బండి 2002 నాటిది. మా రెండో అమ్మాయికంటె రెండేళ్లు పెద్దది. అమ్మేద్దామంటే మా ఆవిడ వొప్పుకోదు. "యింటికి పెద్దదిక్కులాంటి బండి, బయటికి పంపేస్తామటండీ?" అంటుంది.

మొన్న చలికాలంలో ఆ పెద్దదిక్కుకు దగ్గు పట్టుకున్నది. మెరక యెక్కుతుంటే వొకటే కుదుపు. డాష్‌బోర్డు మీద ఇంజను దీపం మిణుకు మిణుకు మంటున్నది. యీ దీపం నిలకడగా వెలిగితే నిదానంగా చూపించుకోవచ్చు. మిణుకుమంటే మాత్రం బండి పక్కకు తీసి ఆపవలసిందే. సిలిండరులో కాలని పెట్రోలు, సైలెన్సరు దారిలో వుండే కెటలిటిక్ కన్వర్టరులోకి పోయి అక్కడ మండుతుంది. అది పాడయితే ప్లగ్గుల ఖర్చు పూర్వజన్మ సుకృతంలా తోస్తుంది!

కోడు చదివే పరికరం తగిలిస్తే పి0303 అని చూపింది. మూడో సిలిండరులో నిప్పు సరిగా పడటం లేదన్నమాట.

చిక్కంతా అక్కడే వున్నది. ఆరు సిలిండర్ల ఇంజనును బండికి అడ్డంగా అమర్చారు. దానివల్ల లోపల మనుషులకు చోటు కలిసివచ్చింది, కాదనను. కాని 2, 4, 6 నంబర్ల ప్లగ్గులు బానెట్ యెత్తగానే అందుతాయి; 1, 3, 5 మాత్రం వెనక గోడవైపు, గాలిగొట్టాల చాటున, పెళ్లిచూపులనాటి పిల్లలా తలుపు వెనకే వుంటాయి. మూడేళ్లక్రితం వొక షాపువాడు ఆరూ మార్చానని ఆరింటికీ డబ్బు పుచ్చుకున్నాడు. రసీదు నా దగ్గర వున్నది.

ఇంజను రాత్రంతా చల్లారనిచ్చాను. సిలిండరు హెడ్డు అల్యూమినియంది. వేడిమీద విప్పితే మరలు చెడతాయి. వైపర్లూ, అద్దం కింది రేకూ తీసేసరికి చెయ్యి పట్టేంత సందు దొరికింది. కాయిలు తీసి, సైకిలుపంపుతో గుంటలోని దుమ్ము వూదేశాను. అది సిలిండరులో పడరాదు సుమా! 16 మిల్లీమీటర్ల ప్లగ్గు సాకెట్టు, దానికి పొట్టి కడ్డీలు రెండు, మధ్య వంగే కీలు వొకటి. తరువాత కళ్లతో పని లేదు, అంతా వేళ్లతోనే. మా ఆవిడ చేతి అద్దం పట్టుకుని, టార్చి వేసి, "యెడమవైపు, యెడమవైపు" అని దారి చెప్పింది.

మూడూ బయటికి వచ్చాయి. కొసలు అరిగి గుండ్రపడ్డాయి, సందు 1.1 మిల్లీమీటరు వుండవలసింది, కొలబద్ద అలవోకగా దూరిపోయింది. ముందువైపు మూడింటి కంపెనీ వేరు, వీటి కంపెనీ వేరు. షాపువాడు వీటిని ముట్టుకోనే లేదు! రసీదుతోసహా వాడి బల్లమీద పెట్టాను. వాటినీ నన్నూ చూసి, మారు మాటాడకుండా సగం డబ్బు తిరిగి యిచ్చాడు.

కొత్త ప్లగ్గు బిగించడమే అసలు సున్నితమైన పని. ప్లగ్గు తలకు జానెడు రబ్బరు గొట్టం తొడిగి, గొట్టాన్ని వేళ్లతో తిప్పాలి. మర వంకరగా పట్టితే గొట్టమే జారుతుంది, హెడ్డుకు హాని లేదు. చేతితో చివరిదాకా వెళ్లాకనే రెంచి. మా బండికి 18 న్యూటన్ మీటర్లు చాలు.

మీరు షాపులో చేయించేట్లయితే, పాతవన్నీ నాకివ్వాలి అని ముందే చెప్పండి. లెక్కపెట్టుకోండి, రంగూ చూడండి. లేత గోధుమరంగు వుంటే క్షేమం. నల్లటి మసి పడితే పెట్రోలు పాలు యెక్కువైనట్టు. తెల్లగా పాలిపోతే వేడి మించినట్టు. తడిగా నూనె కనిపిస్తే మాత్రం ప్లగ్గుతో పోయేది కాదు. మెకానిక్కును ఆ నూనె యెక్కడినుంచి వస్తున్నదో అడగండి.